సవరణ: సెనేటర్ గాయెగో, 2028 అధ్యక్ష పోటీ

2024లో అరిజోనా నుంచి సెనేట్‌కు గెలిచిన రూబెన్ గాయెగో గురించి రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

అధ్యక్ష పదవికి పోటీ చేయాలంటే ముందు సెనేట్‌కు రాజీనామా చేయాలన్నాం. అక్కర్లేదు. ఆయన ఆరేళ్ల గడువు 2031 జనవరి దాకా ఉంది కాబట్టి 2028లో ఓడినా సీటు చేతిలోనే ఉంటుంది. 2008 అధ్యక్ష ఎన్నికలో ఓడిన జాన్ మెకెయిన్ అలాగే సెనేటర్‌గా కొనసాగారు. అసలు ఇబ్బంది అదే రాష్ట్రపు మరో సెనేటర్ మార్క్ కెల్లీది: ఆయనా అధ్యక్ష పోటీకి దిగాలనుకుంటే, ఆయన సీటుకు ఎన్నిక కూడా సరిగ్గా 2028లోనే. రెండు పదవులకూ ఒకేసారి నిలబడొచ్చా అన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్ ఒప్పుకుంటుంది, కెంటకీ ఒప్పుకోదు. డెలావేర్‌లో బైడెన్ 2008లో సెనేట్‌కూ ఉపాధ్యక్ష పదవికీ నిలబడి రెండూ గెలిచారు.

రెండోది, తొలి దఫా సెనేటర్లలో అధ్యక్షుడైంది ఒబామా ఒక్కరే అన్నాం. 1914లో సెనేట్‌కు ఎన్నికైన హార్డింగ్ 1920లోనే అధ్యక్షుడిగా గెలిచారు. సెనేటర్‌గా ఉంటూనే అధ్యక్షుడిగా నెగ్గినవాళ్లు ముగ్గురే; ఒబామా, హార్డింగ్ కాక మిగిలింది కెనడీ, కానీ 1960 నాటికి ఆయనది రెండో దఫా.

గాయెగో పోటీ చేస్తారన్న మా అంచనా మాత్రం ఇప్పటికీ ఊహే.