ద్విచక్రవర్తి దిగ్విజయ యాత్ర

దక్షిణాది జనానికి సేవ చేయించుకోవడం బొత్తిగా చేతకాదు. ఈ మాట బాధతోనే అనవలసి వస్తోంది. ఎక్కడో క్యాన్సర్ రోగుల కోసమో, అనాథ పిల్లల చదువు కోసమో చందాలు పోగుచేస్తూ ఒక పెద్దమనిషి లక్షన్నర రూపాయల సైకిలు మీద హైదరాబాదు నుంచి కన్యాకుమారికి బయల్దేరతాడు. 44వ నంబరు జాతీయ రహదారి మీద తిన్నగా పోతే సుమారు 1,250 కిలోమీటర్లు, సన్మానాల కోసం చుట్టు తిరిగితే ఇంకా ఎక్కువ. ఇంత దూరం చెమటోడ్చి వచ్చినవాణ్ణి దారి పక్కవాళ్లు కాస్త సేవ చెయ్యనివ్వాలా వద్దా? చెయ్యనివ్వరు. వీళ్లే ఎదురొచ్చి టీ పోస్తారు, డబ్బులిస్తే వద్దంటారు, చెట్టు కింద మంచం వాలుస్తారు. సేవకుడికే సేవ చేసి పంపేస్తారు. రెండు చక్రాలు తిప్పే ఈ మహనీయుణ్ణి ద్విచక్రవర్తి అందాం. ఆయన ఇబ్బందులేమిటో, వాటిలో ప్రజల తప్పెంతో నిష్పక్షపాతంగా విచారించవలసిన సమయం వచ్చింది.

మొదట ఆరంభోత్సవం. వేసవిలో సైకిలు తొక్కడానికి పనికొచ్చే వేళ తెల్లవారుజామున అయిదు నుంచి తొమ్మిదిన్నర దాకా. సామాను బరువుతో గంటకు 16 కిలోమీటర్లే అనుకున్నా ఆ నాలుగున్నర గంటల్లో 72 కిలోమీటర్లు అయిపోతాయి. జెండా ఊపడం అయిదింటికని కార్డులో అచ్చువేస్తారు. ముఖ్య అతిథి ఎనిమిదింటికి వస్తారు. అంటే సైకిలు కదలకముందే 48 కిలోమీటర్లు పోయాయి, అదీ చల్లటి 48. ఉపన్యాసాల సంగతి ఈ లెక్కలో చేర్చలేదు. చివరికి పదిన్నరకు జెండా ఊగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. ఫ్లెక్సీలో నవ్వుతున్న మనిషీ, ఫ్లెక్సీ కింద నిలబడ్డ మనిషీ ఒక్కరేనంటే పోలికలు వెతుక్కోవాలి.

తర్వాత శాలువాలు. దారిలో ఏ ఊరు తగిలినా ఒక శాలువా, ఒక మెమెంటో తప్పవు. శాలువా పావుకిలో, మెమెంటో అరకిలో అనుకోండి. పది ఊళ్లు దాటేసరికి ఏడున్నర కిలోలు. ఇది సన్మానాల గొడవేననుకుంటే పొరపాటు, యంత్రశాస్త్రానికి సంబంధించిన విషయం. ఈ బరువంతా వెనక క్యారియర్ మీద పడుతుంది. గేర్ల సైకిలు వెనక చక్రంలో పళ్లచక్రాలున్న కుడివైపు స్పోకులు ఎడమవైపువాటి కన్నా బాగా బిగువుగా ఉంటాయి, ఎందుకంటే పళ్లచక్రాలకు చోటివ్వడానికి ఆ వైపు స్పోకులను దాదాపు నిటారుగా నిలబెడతారు. బరువు పెరిగి, చక్రం గుంతలో దబ్బున పడితే ఎక్కువగా తెగేది ఆ వైపు స్పోకే. ఒకటి తెగితే చక్రం వంకర తిరిగి బ్రేకు రబ్బరుకు రాసుకుంటుంది, పక్క స్పోకుల మీద భారం పడి అవీ క్యూ కడతాయి. తెగినదాన్ని మార్చాలంటే ముందు పళ్లచక్రాల బొత్తి ఊడదీయాలి. దానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి. ఆ పనిముట్టు యాభై మైళ్ల చుట్టూ ఎవరి దగ్గరా ఉండదు. శాలువాలు మాత్రం ఉంటాయి. తెలిసినవాళ్లు ఆ పనిముట్టునూ, సరైన పొడవున్న నాలుగు స్పోకులనూ ఫ్రేముకు కట్టుకుని బయల్దేరతారు. ద్విచక్రవర్తి బ్యానరు కట్టుకుని బయల్దేరతాడు.

ఇక పంక్చరు. ఒంగోలు దాటి నెల్లూరు వైపు పోతుంటే రోడ్డంచున రెండు రకాల శత్రువులు కాచుకుని ఉంటాయి. పేలిపోయిన లారీ టైర్లలోంచి రాలిన సన్నటి ఉక్కు తీగలు ఒకటి. సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరుకాయలు రెండోది. నీడ కోసమో, ఫోటో కోసమో తారు దిగి మట్టిలోకి సైకిలు నడిపారంటే పల్లేరుకాయ తన పని తాను చేసుకుపోతుంది.

తాటాకు పందిరి కింద పంక్చరు కొట్టు. పెద్దాయన సైకిలు తలకిందులు చేసి చక్రం ఒకసారి తిప్పి చూస్తాడు. గాలిపంపు తెచ్చి వాల్వుకు పెట్టబోయి ఆగిపోతాడు.

"ఇదేందన్నా, ముక్కు ఇంత సన్నంగా ఉంది? దీనికి గాలెట్టా పట్టిస్తారు?"

అది ప్రెస్టా వాల్వు. మామూలు సైకిలు ట్యూబుకు వాల్ ట్యూబు అనే చిన్న రబ్బరు గొట్టం తొడిగిన వాల్వు ఉంటుంది, మోటారు సైకిలుకు లావుపాటి ష్రేడర్ ఉంటుంది. ఈ సన్న ముక్కు రెంటికీ చెందదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే పెట్రోలు బంకులో కూడా గాలి పడుతుంది. అది లేకపోతే లక్షన్నర సైకిలు నడిచే వస్తుంది. పోనీ మామూలు ట్యూబు వేద్దామన్నా ఎక్కదు, రిమ్ములో బెజ్జం ఆరున్నర మిల్లీమీటర్లే, మామూలు వాల్వుకు దాదాపు ఎనిమిదిన్నర కావాలి. టైరు మారుద్దామంటే ఇంకో తమాషా. ఊరి కొట్లో వేలాడుతున్న టైరు మీద 28 అని ఉంటుంది, ఈయన సైకిలుకు పట్టే 700సీ అనే కొలత టైరును కూడా 28 అంగుళాలనే అంటారు. ఈయన సంబరంగా కొనేస్తాడు. కానీ పాతకాలం సైకిలు రిమ్ము 635 మిల్లీమీటర్లు, ఈయనది 622. పదమూడు మిల్లీమీటర్ల తేడాతో టైరు చక్రం మీద వదులు గాజులా ఆడుతుంది.

పెద్దాయన వీటి గురించి ఉపన్యాసం ఇవ్వడు. ట్యూబు బయటికి లాగి ఈయన పంపుతోనే గాలి కొట్టించి, నీళ్ల తొట్టిలో జానెడు జానెడు ముంచుతూ పోతాడు. బుడగలు లేచిన చోట వేలు పెట్టి, తుడిచి, గరుకు కాగితంతో నల్లటి చోటు బూడిదరంగుకు తిరిగేదాకా గీకుతాడు. సొల్యూషన్ రాసి ఊదుకుంటూ ఆరబెడతాడు. తడిగా ఉండగానే అతికిస్తే ఆ ఎండకు పది కిలోమీటర్లు కూడా నిలవదు. ఆరాక ప్యాచీ వేసి సుత్తితో నాలుగు దెబ్బలు కొడతాడు. ట్యూబు లోపల పెట్టేముందు టైరులోకి చెయ్యి పోనిచ్చి వేలికొసలతో చుట్టూ తడుముతాడు. ముల్లు ఇంకా అక్కడే ఉంటుంది. అది తియ్యకుండా బిగించేవాళ్లకే అరగంటలో రెండో పంక్చరు.

"ఎంతయింది?"

"సేవ చేస్తా పోతన్నావంట గదన్నా. వద్దులే."

చూశారా? దీన్నే నేను చేతకానితనం అంటున్నది. ఇరవయ్యో ముప్ఫయ్యో తీసుకోవలసిన మనిషి అది వదులుకుని, పైగా పిల్లాణ్ణి పంపి సోడా తెప్పిస్తాడు. ఆ రాత్రి ఈ సంఘటన "సామాన్యుల మంచితనం" అనే శీర్షిక కింద ఫోటోతో సహా ప్రపంచానికి తెలుస్తుంది. చందాల లెక్కలో మాత్రం ఆ ముప్ఫై రూపాయలకు గడి ఉండదు. అత్త సొమ్ము అల్లుడు దానం అన్న సామెతకు ఇంత సాంకేతికంగా కచ్చితమైన ఉదాహరణ ఇంకోటి దొరకదు.

నీళ్ల విషయంలోనూ ఇంతే. ద్విచక్రవర్తి పరిశుభ్రత దృష్ట్యా సీసా నీళ్లు తప్ప ముట్టడు. ఎండలో ఆరు లీటర్లు తాగుతాడు, ఆరు లీటర్లూ ఒట్టి నీళ్లే. చెమటలో ఉప్పు పోతుంది, తాగిన నీళ్లలో ఉప్పు లేదు, మధ్యాహ్నానికి తలనొప్పి, వాంతి, పిక్కలు పట్టెయ్యడం. ఓఆర్ఎస్ పొట్లం ఒక్కటి లీటరు నీళ్లలో కలిపితే తీరే పని. పొట్లం లేకపోతే లీటరుకు ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు. అప్పుడే ఏ ఇంటి అరుగు మీదనుంచో ఒక ముసలమ్మ "ఇదిగో నాయనా, తాగు" అని ఉప్పేసిన మజ్జిగ చెంబు అందిస్తుంది. ఆవిడ ఈ దేశంలో ఆరోగ్య సేవ ఎవరు ఎవరికి చేయాలో తెలుసుకోకుండా ప్రవర్తించింది.

కోనసీమలో అయితే ఈ జబ్బు వంశపారంపర్యం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ తలుపు తట్టినవాడికల్లా అన్నం పెట్టారు. ఆవిడకు లోగో లేదు, టీషర్టు లేదు, తిన్నవాళ్ల ఫోటోలు లేవు. విస్తళ్లు ఎన్ని లేచాయో లెక్క రాసిన నివేదిక కూడా లేదు. ఇలాంటి ముందుతరాన్ని చూసి పెరిగిన జనానికి సేవారంగంలో వృత్తి నైపుణ్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

పైగా జనం ఈయన ఎందుకు తొక్కుతున్నాడో అర్థం చేసుకోరు. అవగాహన కల్పించడం కోసం అని చెప్పినా తలూపి, "మొక్కా బాబూ?" అంటారు. కర్ణాటకలో "హరకెనా?", తమిళనాడులో "వేండుదలా?", కేరళలో "నేర్చయాణో?". మాట మారినా అనుమానం మారదు. వాళ్లనూ తప్పుపట్టలేం. ఉగాదికి ముందు కన్నడ భక్తులు నల్లమల అడవిలో పడి శ్రీశైలానికి నడిచే వెళ్తారు, కొందరు చెప్పుల్లేకుండా. స్పాన్సరు లేకుండా ఇంత దూరం ఒంటిని కష్టపెట్టుకునే పద్ధతి వాళ్లకు తెలిసింది అదొక్కటే. అందుకే ఈయన పదిహేను నిమిషాలు వివరించాక కూడా "ఏ దేవుడికి?" అని అడుగుతారు. ఆ తర్వాతి ప్రశ్నలు మాత్రం ఒక వరసలో వస్తాయి: సైకిలెంత, గేర్లెన్ని, బండి కొనుక్కోలేదా, పెళ్లయిందా.

చందాల డబ్బు ప్రయాణం సైకిలు ప్రయాణం కన్నా రమణీయం. కిలోమీటరుకు రూపాయి చొప్పున వందమంది మాటిచ్చారనుకుందాం, 1,25,000 రూపాయలు. సైకిలు ఖరీదు కన్నా పాతికవేలు తక్కువ. నగదుగా ఇచ్చేవాళ్లకు రెండువేలు దాటితే ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు రాదు కాబట్టి దాత ఉత్సాహం రెండువేల దగ్గరే ఆగుతుంది. ద్విచక్రవర్తి విదేశీయుడైతే, అక్కడి దాతలు ఇక్కడి సంస్థకు పంపే సొమ్ము విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ ప్రకారం ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే దిగాలి. మనిషి కన్యాకుమారి వైపు తొక్కుతుంటాడు, డబ్బు ఢిల్లీ వైపు వెళ్తుంటుంది. రాత్రి బస కూడా విదేశీయుడికి తేలిక కాదు. లాడ్జీవాళ్లు ఆయన వివరాలు 24 గంటల్లో అధికారులకు ఆన్‌లైన్‌లో పంపాలి. చిన్న ఊరి లాడ్జీకి ఆ లాగిన్ ఉండదు. గదులన్నీ ఖాళీగా ఉండగానే "ఫుల్ సార్" అంటారు. చివరికి ఏ గుడి సత్రంలోనో, స్టేషను వరండాలోనో చోటు దొరుకుతుంది, ఇదీ ఉచితమే.

అడవులు, ఘాట్లు త్వరగా దాటేద్దాం. బండీపుర అడవి రోడ్డు 2009 నుంచి రాత్రి తొమ్మిది మొదలు ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది. ఏనుగులు తిరిగే చోట సైకిలునైతే పగలు కూడా తరచూ ఆపేసి, వచ్చే లారీలో ఎక్కిస్తారు. ఆ కిలోమీటర్లకు రూపాయి వసూలు చేయాలా వద్దా అన్నది ధర్మసందేహం. ఊటీ నుంచి మసినగుడి వైపు కల్హట్టి ఘాట్‌లో 36 మలుపులు. రిమ్ము బ్రేకును అదేపనిగా పట్టుకుని దిగితే రిమ్ము కాలి, లోపలి గాలి వేడెక్కి ట్యూబు పేలుతుంది. గట్టిగా పట్టడం, పూర్తిగా వదలడం, మధ్యమధ్య ఆగి చల్లార్చడం, అంతే ఉపాయం. క్యారియర్ మీద మెమెంటోలు ఎంత ఎక్కువుంటే దిగడం అంత వేగం.

తమిళనాడులోని పుదుక్కోట్టై మాత్రం ద్విచక్రవర్తులు చుట్టు తిరిగి పోవలసిన జిల్లా. 1990ల మొదట్లో అక్కడి అక్షరాస్యతా ఉద్యమంలో అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ పల్లెటూరి ఆడవాళ్లకు చదువుతోపాటు సైకిలూ నేర్పించారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు, పిల్లాణ్ణి ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకోవచ్చు, అదో వీలు. నీళ్ల బిందెలు, కూరగాయలు, పిల్లలు, అన్నీ ఆ సైకిళ్ల మీదే. క్యారియర్ మీద అయిదు బిందెల బరువుతో పొలంగట్టు దాటే మనిషి ముందు, "మహిళా సాధికారత కోసం" అని వీపు మీద రాసుకున్న వాడు పక్కకు తప్పుకుని దారి ఇవ్వవలసి వస్తుంది. యాత్రా గౌరవానికి ఇది మంచిది కాదు.

చివర్లో, కన్యాకుమారి చేరబోయే ముందు, ముప్పందల్. పడమటి కనుమల సందులోంచి గాలి అక్కడ దూసుకొస్తుంది, వేసవి చివరి నుంచి నైరుతి రుతుపవనాల కాలమంతా మరీనూ. కొండ పక్కన వందలకొద్దీ గాలిమరలు ఎందుకు నిలబెట్టారో కారులో పోయేవాళ్లకు తెలియదు. అక్కడ పల్లంలో కూడా పెడలు తొక్కితేనే సైకిలు కదులుతుంది.

కన్యాకుమారిలో సూర్యోదయం, ఫోటో, కన్నీళ్లు. తిరుగు ప్రయాణం రైల్లో. సైకిలును పార్సిలు ఆఫీసులో ఇవ్వాలంటే హ్యాండిలు ఫ్రేముతో సమానంగా తిప్పాలి, పెడళ్లు ఊడదీయాలి. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుడుది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. తెలియనివాళ్లు మామూలు వైపే తిప్పి ఇంకా బిగించేస్తారు. ద్విచక్రవర్తి చెమటలు కక్కుతూ బిగిస్తుంటే అక్కడి కూలీ స్పానరు తీసుకుని ఒక్క గుంజు గుంజి పెడలు చేతిలో పెడతాడు. గేరు కొక్కెం వంగకుండా దేంతోనైనా చుట్టాలి, గోనెపట్టా దొరకదు. సంచిలోంచి శాలువాలు బయటికొస్తాయి. గేరుకు రెండు, హ్యాండిలుకు ఒకటి, ఫ్రేము చుట్టూ మిగిలినవన్నీ. జరీ అంచులు బయటికి కనిపించేలా చుట్టి తాడు బిగిస్తూ కూలీ అడుగుతాడు, "వేండుదలా సార్?"

వివరించే ఓపిక లేక ద్విచక్రవర్తి "ఆమా" అంటాడు.