మిరప మొక్క వేరులోని కణత్వచానికి ఒక ఫిర్యాదు

కణం చుట్టూ కాపలా పొరగా ఉన్న మహారాజశ్రీ కణత్వచం గారికి,

గుంటూరు బ్రాడీపేటలో డాబా మీద, కుండీలో మిరప మొక్కను పెంచుకుంటున్న ఒక గృహస్థు నమస్కరించి వ్రాయునది ఏమనగా:

పోయిన నెల పూత రాలిపోతుంటే, చిటికెడు చాలన్న మా శ్రీమతి మాట పెడచెవిన పెట్టి, పిడికెడు ఎర్ర పొటాష్ (పొటాషియం ఎరువు) కుండీలో పోసి నీళ్లు పెట్టాను. మిర్చి యార్డు ఉన్న ఊరివాళ్లం కదా, ఎంత తూస్తే అంత వస్తుందనే లెక్క తప్ప మాకు మరో లెక్క తెలియదు. తెల్లవారేసరికి ఆకులు తడిసిన అప్పడాల్లా వేలాడుతున్నాయి. మట్టిలో ఉప్పు పెరిగిందన్న నెపంతో మీరు లోపలున్న నీళ్లను సైతం బయటికి వదిలేశారు.

మీ వ్యవహారం ఆరా తీస్తే, 1952లోనే ఎప్‌స్టయిన్, హేగెన్ అనే శాస్త్రవేత్తలు బార్లీ వేళ్లు రుబీడియం వంటి అయాన్లను (విద్యుదావేశమున్న పరమాణువులను) పీల్చుకునే వేగాన్ని కొలిచి, గాఢత పెంచేకొద్దీ ఆ వేగం కొంతవరకు పెరిగి, వాటిని లోపలికి మోసే వాహకాలన్నీ నిండాక ఎంజైముల తీరులోనే నిలిచిపోతుందని చూపారట. ఈ సంగతి ఎరువు సంచి మీద ఎక్కడా లేదు.

అసలు పెత్తనం మీ ప్రోటాన్ పంపుది. అది కణానికి ఇంధనమైన ఏటీపీని ఒక్కోటి ఖర్చుపెట్టి, ధనావేశమున్న ప్రోటానును ఒక్కోటి బయటికి నెట్టడం వల్లనే లోపలి వైపు సుమారు 120 నుంచి 200 మిల్లీవోల్టుల రుణ విభవం నిలుస్తోంది. అందువల్ల ధనావేశమున్న పొటాషియం మట్టి నీటిలో 1 మిల్లీమోలార్ గాఢతలోనే ఉన్నా, అప్పటికే 100 ఉన్న కణంలోకి ఛానళ్ల గుండా చొరబడగలుగుతోంది. నైట్రేటుదీ రుణావేశమే కనుక గుమ్మంలోనే ఆగవలసింది. కానీ రెండు ప్రోటాన్లను వెంటబెట్టుకుని వస్తే రానిస్తారట. సిఫారసు మీ దగ్గరా చెల్లుతుందని తెలిసి కొంత ఊరట కలిగింది.

సోడియం విషయంలో మీ న్యాయం మరీ విడ్డూరం. పొటాషియం కంటే సన్నదైనా దాన్ని పొటాషియం ఛానల్ గుమ్మంలోనే ఆపేస్తుంది. చుట్టూ ఉన్న నీటి అణువులను విడిచివస్తే, వాటికి బదులుగా పట్టుకోవడానికి గుమ్మంలోని ఆక్సిజన్ పరమాణువులు దానికి అందవట! లావువాణ్ణి పోనిచ్చి బక్కవాణ్ణి ఆపే వాకిలిని మా బస్టాండులో కూడా చూడలేదు.

మొన్న మరో మొక్క నాటాను. మిగిలిన పొటాష్ పొట్లం నీళ్ల ట్యాంకు వెనక ఉంది. దాని జాడ మా శ్రీమతికి తెలియనివ్వవద్దని మనవి.

ఇట్లు,
పాత మొక్క తాలూకు మనిషి