మహారాజశ్రీ పీట్రేస్ వారి సముఖానికి

అయ్యా,

నడుస్తున్న ప్రోగ్రాంను, అంటే ప్రాసెస్‌ను, ఇంకో ప్రోగ్రాం ఆపి లోపల చూసేందుకు వీలిచ్చే సిస్టమ్ కాల్‌గా (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కు ప్రోగ్రాం పెట్టుకునే విన్నపం) 1975 నాటి యూనిక్స్ ఆరో కూర్పులోనే కొలువులో ఉన్న తమరు ఇప్పటికీ పదవీ విరమణ మాట ఎత్తకపోవడం ముచ్చటగా ఉంది. లినక్స్‌లో పేరంతా ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్ జీడీబీకీ, సిస్టమ్ కాల్స్ చిట్టా రాసే ఎస్‌ట్రేస్‌కూ వస్తుంది గానీ, నడుస్తున్న ప్రాసెస్ మీద చెయ్యి వేయాలంటే వాళ్లిద్దరూ తమరి గుమ్మం తొక్కవలసిందే.

తమరి విచారణ పద్ధతి జగమెరిగినదే: ముందు అరెస్టు, తర్వాత ప్రశ్న. పనిని ఆపేసి, ఆగిపోయిన ప్రాసెస్‌ను పట్టుకుని "ఏం చేస్తున్నావు?" అని అడగడం తమరికే చెల్లింది. ఎస్‌ట్రేస్ పెడితే ప్రతి సిస్టమ్ కాల్ దగ్గరా రెండుసార్లు నిలబెడతారు, కెర్నల్‌లోకి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు మరోసారి. సరే, నిలబెట్టారు. ఇది రాకా, పోకా? ఆ ఒక్కటీ చెప్పరు. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి లెక్క డీబగ్గరే రాసుకోవాలి. ఆ మాత్రం సమాచారానికి తమరు నోరు విప్పేలా చేయడానికి 2019లో లినక్స్ 5.3 రావలసి వచ్చింది.

ఇంతా చేస్తే దొంగ దొరుకుతాడా? ఒకే ప్రాసెస్‌లో పక్కపక్కనే సాగే రెండు థ్రెడ్లు ఒకే చోటికి పోటీపడి పరుగెత్తడం వల్ల పుట్టిన తప్పును పట్టిద్దామని తమరిని పిలుస్తాం. తమరి నిలుపుదలల మధ్య ఆ రెండూ బుద్ధిగా ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. తప్పు మాయం. తమరు నిష్క్రమించిన మరుక్షణం ప్రోగ్రాం మళ్లీ కూలుతుంది.

ఇక దత్తత వ్యవహారం. డీబగ్గర్ తగులుకోగానే పరాయి ప్రాసెస్‌ను దానికి బిడ్డగా రాసి ఇచ్చేస్తారు. ఆ బిడ్డ ఆగినా, ఉలిక్కిపడినా కబురు పెంపుడు తండ్రికే. చివరికి ప్రాణం పోయినా సరే, పెంపుడు తండ్రి ఆ కబురు అందుకున్నాకే కన్నతండ్రికి తెలుస్తుంది. బిడ్డను మాత్రం నీ తండ్రి ఎవరని అడిగితే కన్నవాడి నంబరే చెబుతుంది, పాపం. పైగా ఒకరికి దత్తత ఇచ్చాక రెండోవారికి ప్రవేశం లేదు. జీడీబీ లోపల కూర్చుని ఉంటే ఎస్‌ట్రేస్‌కు దొరికేది "అనుమతి లేదు" అన్న మాటే. ఈ నియమం హానికర ప్రోగ్రాములు రాసేవారికి ఎంత నచ్చిందంటే, పుట్టీపుట్టగానే "నన్ను ట్రేస్ చేయండి" అని తామే దరఖాస్తు పెట్టుకుంటాయి ఆ ప్రోగ్రాములు. ఆ తర్వాత వచ్చే పరిశోధకుడు బయటే నిలబడతాడు. నేరస్థుడికి ముందస్తు రక్షణ కల్పించే దర్యాప్తు అధికారిని ఇంకెక్కడా చూడలేదు.

మెమరీ చూపించడంలో తమరి పొదుపు గురించి ఎంత చెప్పినా తక్కువే. 64 బిట్ల యంత్రంలో ఒక్కో విన్నపానికి 8 బైట్లు. 4096 బైట్ల పేజీ చదవాలంటే 512 సార్లు చెయ్యి చాచాలి. ఆ ఇచ్చేదైనా తిన్నగా ఇస్తారా? సీ లైబ్రరీ ద్వారా అడిగినప్పుడు జవాబుగా -1 వచ్చిందంటే అక్కడ నిజంగా ఉన్న విలువే అదా, లేక తమరు కాదన్నారా అన్నది పొరపాటు సంకేతం ఉండే ఎర్‌నోను ముందుగా సున్నా చేసి ఉంచుకున్నవాడికే తెలుస్తుంది. విసిగిపోయిన జనం మెమరీని ఒక్క గుక్కలో చదువుకోవడానికి లినక్స్ 3.2లో వేరే సిస్టమ్ కాల్ పెట్టుకున్నారు. తమరేమీ నొచ్చుకున్నట్టు లేదు.

ఒకే యూజర్ కింద నడుస్తున్నంత మాత్రాన ఏ ప్రాసెస్ అయినా మరోదాని కడుపులో చెయ్యి పెట్టి రహస్యాలు లాగవచ్చు అన్న తమరి ఉదారత శ్రుతి మించాక, కాపలాకు యముడిని పెట్టారు. హాస్యానికి అనడం లేదు, 2012లో లినక్స్ 3.4లో చేరిన ఆ భద్రతా మాడ్యూల్ పేరు నిజంగానే యమ. దాని సెట్టింగులో అంకె 1 వేస్తే మామూలు యూజర్ ప్రాసెస్ తన సంతానాన్ని మాత్రమే తడమగలదు, తడమనిస్తామని ముందే ఒప్పుకున్నవాటిని మినహాయించి. 2 వేస్తే ప్రత్యేకాధికారం కావాలి. 3 వేస్తే తమరి దుకాణం పూర్తిగా బంద్, యంత్రాన్ని మళ్లీ బూట్ చేసేదాకా సర్వాధికారాలున్న రూట్ యూజర్ వచ్చి బతిమాలినా తెరుచుకోదు.

ఆ 3 వేసేద్దామనే కూర్చున్నాను. కానీ సర్వర్‌లో ఒక ప్రాసెస్ ఉదయం నుంచి ఉలుకూ పలుకూ లేకుండా బిగుసుకుపోయి ఉంది, ఏ ఫంక్షన్‌లో ఇరుక్కుందో తెలియాలంటే దాని స్టాక్ చూడాలి. అందుకని ప్రస్తుతానికి 1 దగ్గరే ఉంచాను. త్వరగా దయచేయండి.

ఇట్లు,
తమరి గుమ్మం దగ్గరే పడి ఉన్న ఒక ప్రోగ్రామర్