వాడని పిన్నుకి దిక్కెవరు?

(రెండు తీగల మీద చాలా బోర్డులు మాట్లాడుకునే ఆర్‌ఎస్-485 లైన్ మీద వచ్చిన డేటా విని రాసిపెట్టుకునే బోర్డు ఇది. తానుగా ఏమీ పంపదు. అందుకే లైన్ మీదికి పంపే, లైన్ నుంచి వినే ఎనిమిది కాళ్ల ట్రాన్సీవర్ చిప్పులో, పంపే భాగమైన డ్రైవర్‌ని ఆన్ చేసే డీఈ, పంపాల్సిన డేటా తీసుకునే డీఐ పిన్నుల్ని జూనియర్ దేనికీ కలపకుండా వదిలేశాడు.)

జూనియర్: పంపే పనే లేనప్పుడు ఆ రెండు పిన్నులతో మనకేం పని సార్? డీఈని సున్నాకి లాగి ఉంచే పుల్‌డౌన్ రెసిస్టర్ చిప్పు లోపలే ఉందని డేటాషీట్‌లో ఉంది.

సీనియర్: ఈ చిప్పుకి ఉంది. రేపు స్టాక్ లేదని పిన్నుల వరస ఇదే ఉన్న ఇంకో చిప్పు వేస్తారు, దానికి లేకపోతే? నాకు అచ్చం అలాగే అయింది. మూడో పిన్ను, అంటే డీఈ, దగ్గరికి వేలు తీసుకెళ్తే చాలు, లైన్ మీద అన్ని బోర్డులూ మూగబోయేవి. వేలు తీస్తే మళ్లీ మొదలు. గాల్లో ఉన్న డీఈ హై అయిపోయి, నా డ్రైవర్ లైన్‌ని పట్టుకుని కూర్చునేది. రెండు రోజులు కేబుల్‌నే అనుమానించాను.

జూనియర్: సరే, పుల్‌డౌన్ రెసిస్టర్ పెడతాను.

సీనియర్: ఎప్పటికీ పంపని బోర్డుకి రెసిస్టర్ ఎందుకు? డీఈని నేరుగా గ్రౌండ్‌కి కట్టు. వినే భాగాన్ని ఆన్ చేసే ఆర్‌ఈ పిన్ను గ్రౌండ్‌లో ఉంటేనే పనిచేస్తుంది, వినాలి కాబట్టి దాన్ని కూడా. డీఐని గ్రౌండ్‌కో సప్లైకో కట్టు. ఇలాంటి చిప్పుల్లో ఉండే సీమాస్ రకం ఇన్‌పుట్ నడిమి వోల్టేజీలో ఊగితే లోపలి రెండు ట్రాన్సిస్టర్లూ సగం సగం తెరుచుకుని ఊరికే కరెంటు తాగుతాయి. డీఈని మైక్రోకంట్రోలర్ నడిపే బోర్డులోనే 10 కిలోఓమ్‌ల పుల్‌డౌన్ కావాలి. రీసెట్‌లో దాని పిన్ను మామూలుగా ఇన్‌పుట్‌గానే ఉంటుంది కదా.

జూనియర్: ఏదీ గాల్లో ఉండకూడదంటే లైన్ రెండు తీగలైన ఏ, బీల మధ్య 120 ఓమ్‌లు కూడా ప్రతి బోర్డులో వేయాలిగా!

సీనియర్: వద్దు! అది కొసల్లో సిగ్నల్ వెనక్కి తిరగకుండా కేబుల్ కోసం, పిన్ను కోసం కాదు. లైన్‌కి రెండు కొసల్లోనే ఉండాలి. రెండుంటే 60 ఓమ్‌లు, మూడోది పడితే 40. డ్రైవర్ 1.5 వోల్టులు ఇస్తుందన్న హామీ 54 ఓమ్‌ల లోడ్‌కే.

జూనియర్: మరి ఎవరూ మాట్లాడనప్పుడు లైన్ సున్నా వోల్టుల్లో ఉంటుంది. దాన్ని ఒక వైపు లాగి ఉంచే బయాస్ రెసిస్టర్లు కూడా పెట్టమంటారా? అక్కర్లేదు, ఒకటా సున్నానా అని తేల్చే థ్రెషోల్డ్ వోల్టేజీ కొత్త చిప్పుల్లో సున్నాకి కిందే ఉంటుంది, ఆ ఖాళీని ఒకటిగానే చదువుతాయి. ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను సార్.

(ఈ ఒక్క చోట జూనియర్ మాటే నిలుస్తుంది.)

సీనియర్: ఒప్పుకున్నాను. కానీ ప్లస్, మైనస్ 200 మిల్లీవోల్టుల థ్రెషోల్డ్ ఉన్న పాత చిప్పు ఒక్కటి లైన్ మీద ఉన్నా బయాస్ పెట్టాల్సిందే. ఒకే చోట, ఏ నుంచి 5 వోల్టుల సప్లైకి 560 ఓమ్‌లు, బీ నుంచి గ్రౌండ్‌కి 560 ఓమ్‌లు. 60 ఓమ్‌ల మీద పావు వోల్టు నిలుస్తుంది.

జూనియర్: పంపడమే తప్ప వినని బోర్డులో, విన్న డేటా బయటికిచ్చే ఆర్‌ఓ పిన్నుని కూడా గ్రౌండ్‌కి కట్టేయనా?

సీనియర్: ఆగు, అది అవుట్‌పుట్. ఆర్‌ఈని సప్లైకి కట్టి, ఆర్‌ఓని అలాగే వదిలెయ్.