చదువు లేక కాదు, దిద్దే దారి లేక

ఈ మధ్య మా నల్లగొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజి తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: సర్కారు కంప్యూటర్ వ్యవస్థలు మన దగ్గర నిలబడకపోవడానికి కారణం జనానికి చదువు లేకపోవడం, కింది ఉద్యోగులకు పని చేయబుద్ధి కాకపోవడం. మంచి సాఫ్ట్‌వేర్ తెచ్చి, మధ్యలో మనిషిని తీసేసి, ఒకే రోజు రాష్ట్రమంతా మొదలుపెడితే లంచం దానంతటదే పోతుందట. చదువుకున్నవాళ్లే దీన్ని ఫార్వర్డ్ చేస్తున్నారు కాబట్టి ఒక్కో ముక్కకీ జవాబు చెప్పాలనిపించింది.

మొదటిది, చదువు. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుతో ఇచ్చిన రోజులు గుర్తున్నాయా? ఎనిమిది జిల్లాల్లో ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ తీసి నిర్ణయించారు. 157 మండలాల్లో ఫలితాన్ని కొలిచారు. ఆ ఎనిమిదిలో నల్లగొండ ఒకటి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ చేసిన ఆ అధ్యయనం 2016లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో అచ్చయింది. కూలి డబ్బు త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యేది తగ్గింది, కార్డు వాడినవాళ్లలో తొంభై శాతానికి పైగా ఇదే నయమన్నారు. వాళ్లంతా ఉపాధి కూలీలు, పింఛనుదారులే.

అది ఎందుకు నడిచిందో చూడండి. పోస్టాఫీసు దాకా పోయే పని తప్పింది. మిషను పట్టుకుని ఊళ్లోనే కూర్చున్నది ఆ ఊరి మహిళా సంఘం మనిషి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది: రెండేళ్ల తర్వాత కూడా చెల్లింపుల్లో దాదాపు సగమే కార్డు మీదికి మారాయి. మిగిలినవాళ్లకు కార్డు లేదని కూలి ఆపలేదు, పాత పద్ధతిలోనే ఇచ్చారు. అదే పరిశోధకులు తర్వాత జార్ఖండ్ రేషన్ దుకాణాల్లో ఆధార్ వేలిముద్రను పరీక్షిస్తే కథ తిరగబడింది. ముద్ర పడితేనే బియ్యం అన్నచోట అర్హులే కొందరు బియ్యం పోగొట్టుకున్నారు. వేలు అదే, మిషను ఇంచుమించు అదే. ముద్ర పడనివాణ్ని ఏం చేయాలన్న నిర్ణయం దగ్గరే తేడా వచ్చింది.

చదువే అసలు సమస్యైతే ఇంగ్లండ్ డాక్టర్లను ఏమనాలి? అక్కడి ఆసుపత్రులన్నిటినీ ఒకే కంప్యూటర్ వ్యవస్థ కిందికి తేవాలని 2002లో పెట్టిన జాతీయ కార్యక్రమాన్ని 2011లో ఎత్తేస్తున్నామని అక్కడి సర్కారే ప్రకటించింది.

రెండోది, మంచి సాఫ్ట్‌వేర్. ఇక్కడ తెలంగాణ భూముల పోర్టల్ ధరణి పేరెత్తకుండా కుదరదు. 2020 అక్టోబర్ 29న మొదలైన ఈ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) ఒకే పూటలో అయ్యాయి. రికార్డు సాఫుగా ఉన్నవాళ్లకు అది నిజంగా మేలు, కాదనను. కానీ అందులోకి పోసిన రికార్డు ఎక్కడిది? 2017 సెప్టెంబర్‌లో మొదలుపెట్టి నెలల్లో హడావుడిగా ముగించిన భూ రికార్డుల ప్రక్షాళనది. తగాదా ఉన్నవన్నీ పార్ట్-బీలో పడేసి పాసుబుక్కు ఇవ్వలేదు. సర్వే నంబరు ఎక్కకపోతే, ఎకరం బదులు గుంటలు పడితే, పట్టా భూమి రిజిస్ట్రేషన్ చేయకూడని నిషేధిత జాబితాలోకి పోతే తహసీల్దారు చేతిలో దిద్దే అధికారం ఉండేది కాదు. పోర్టల్‌లో సరైన ఆప్షన్ వెతికి, అర్జీ పెట్టి, కలెక్టర్ దాకా పోవాల్సి వచ్చేది. భూమి తగాదాలు వినే రెవెన్యూ కోర్టులను కూడా ధరణి కోసం 2020లో తెచ్చిన కొత్త చట్టమే ఎత్తేసింది.

సాదాబైనామాలది, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితపు కొనుగోళ్లది మరీ అన్యాయం. దేవరకొండ వైపైనా అచ్చంపేట వైపైనా తెల్లకాగితం మీద కొన్న భూమి లేని ఊరు దొరకదు. 2020లో సర్కారే అర్జీలు పిలిచింది, లక్షల్లో వచ్చాయి. కొత్త చట్టంలో దానికి నిబంధనే లేదని విషయం అప్పట్లో హైకోర్టులో ఆగింది. ఇందులో ప్రోగ్రామర్ చేసిన తప్పేముంది? కాస్తు చేసే రైతుకు చట్టంలోనే గడి పెట్టలేదు, తెర మీద ఎక్కడి నుంచి వస్తుంది?

మార్కెట్ యార్డుల్లోనూ ఇదే. ఆన్‌లైన్లో పంట అమ్మే జాతీయ మార్కెట్ ఈ-నామ్ 2016 ఏప్రిల్ 14న దేశంలో 21 మార్కెట్లతో మొదలైనప్పుడు మన వైపు నుంచి తిరుమలగిరి, బాదేపల్లి అందులో ఉన్నాయి. ఖరీదుదారు ఎక్కడో కూర్చుని ధర కొట్టాలంటే సరుకు నాణ్యత పరీక్ష కాగితాన్ని నమ్మాలి. నమ్మకపోతే వచ్చి రాశిలో చెయ్యి పెట్టే చూస్తాడు. రైతు వానకాలం పెట్టుబడి తెచ్చుకున్నది అడ్తిదారు (కమీషన్ వ్యాపారి) దగ్గరైతే, సరుకు ఎవరికి పోవాలన్నది విత్తనం వేసిన రోజే తేలిపోయి ఉంటుంది. ఆ అప్పును ఏ యాప్ తీరుస్తుంది?

మూడోది, మనిషిని తీసేస్తే లంచం పోతుందన్న మాట. ఊళ్లో భూమి లెక్కలు చూసే గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) మీద జనానికి కోపం ఊరికే రాలేదు, ఆ వసూళ్లు అందరం చూసినవే. 2020లో ఆ వ్యవస్థనే రద్దు చేశారు. దాంతో పాటు ఏ గట్టు ఎవరిది, ఏ పహాణీలో ఎవరి పేరు కొట్టేసి ఎవరి పేరు రాశారు అని చెప్పగల మనిషి కూడా ఊళ్లో లేకుండా పోయాడు. రైతు మాత్రం మధ్యవర్తి లేకుండా బతకలేదు. ‘ఆ పని నేను చేయిస్తా’ అనేవాళ్లు ఆఫీసు లోపలి నుంచి బయటి దుకాణాలకు మారారు, అంతే. చివరికి 2025 సెప్టెంబర్‌లో సర్కారే గ్రామ పాలన అధికారులను మళ్లీ పెట్టుకుంది.

నాలుగోది, ఒకే రోజు రాష్ట్రమంతా. దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. ఒక మండలంలో బయటపడితే వారంలో దిద్దుకునే తప్పు, అన్ని మండలాల్లో ఒక్కసారే బయటపడితే ఏళ్లు పడుతుంది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చినప్పుడు ముందు నాలుగు మండలాల్లో పెట్టారు. పాలమూరు వైపు నుంచి నారాయణపేట జిల్లా మద్దూరు వాటిలో ఒకటి. ఊరూరా రెవెన్యూ సదస్సు పెట్టి అర్జీలు తీసుకున్నారు. తహసీల్దారు నిర్ణయం నచ్చకపోతే ఆర్డీవోకు, ఆ పైన కలెక్టర్‌కు అప్పీలు పెట్టుకునే వీలు కూడా ఈసారి చట్టంలోనే రాశారు. దీంతో అంతా సర్దుకుంటుందని నేననను. సదస్సులో అర్జీ తీసుకోవడం సులువు, గట్టు మీదికి పోయి కొలవడమే కష్టం. సర్వేయర్లు చాలకపోతే ఆ అర్జీలూ కట్టలుగానే ఉంటాయి. ఫార్వర్డ్ చేసే అన్నలు ఈసారి పోర్టల్ స్క్రీన్‌షాట్లు పంపేముందు మద్దూరులో ఎన్ని అర్జీలు తీసుకున్నారు, వాటిలో ఎన్నింటికి కారణం రాసి ఆర్డరు ఇచ్చారు అని కనుక్కుని పంపితే, మనం మాట్లాడుకోవడానికి ఏదైనా ఉంటుంది.