మహారాజశ్రీ ‘తర్వాత మార్చుకోవచ్చులే’ గారికి

మహారాజశ్రీ ‘తర్వాత మార్చుకోవచ్చులే’ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు కుశలంగానే ఉన్నారని నాకు తెలుసు. హైదరాబాదులో రోడ్ బైకులు, అంటే తారు రోడ్డు మీద వేగంగా తొక్కే సైకిళ్ళు, అమ్మే ఏ దుకాణంలో అడుగుపెట్టినా అందరికంటే ముందు ఎదురొచ్చేది తమరే కదా. నా కుశలం సంగతి చెప్పుకోవడానికే ఈ ఉత్తరం.

నాలుగేళ్ళ కిందట అలాంటి ఒక దుకాణంలో ఒకే ధరకు రెండు సైకిళ్ళు నా ముందు నిలబడ్డాయి. ఒకటి అల్యూమినియం ఫ్రేమ్, దానికి సైకిలు విడిభాగాల కంపెనీ షిమానో వారి 105 అనే, గేర్లూ బ్రేకులూ కలిపి వచ్చే గ్రూప్‌సెట్, వెనక 11 గేర్లు. రెండోది కార్బన్ ఫ్రేమ్, దానికి అదే కంపెనీ మెట్లలో బాగా కిందనుండే క్లారిస్, వెనక 8 గేర్లు. నేను తల గోక్కుంటుండగా తమరు దుకాణదారు నోట పలికారు: “ఫ్రేమ్ అంటే ఎముకల గూడు సార్, అది మారదు. పార్టులదేముంది, తర్వాత మార్చుకోవచ్చులెండి.” ఆయన నోట మర్యాదగా ‘లెండి’ అన్న తమరు నా బుర్రలోకి రాగానే చనువు కొద్దీ ‘లే’ అయిపోయారు. ఆపైన ఆయన నా చేత ఆ కార్బన్ సైకిలును రెండు వేళ్ళతో ఎత్తించారు. ఆ రెండు ఫ్రేముల బరువులో తేడా అరకిలో కూడా ఉండదని, సైకిలుకు తగిలించుకునే నిండు నీళ్ళ సీసా అంతకంటే ఎక్కువే తూగుతుందని ఆ క్షణంలో నాకు తట్టలేదు. వేళ్ళకు తెలిసిన తేలికదనం మెదడును పని చేయనివ్వదు. ఆ కార్బన్ సైకిలునే ఇంటికి తెచ్చుకున్నాను.

తమరు మొదటినుంచీ అబద్ధాలకోరని నేను అనను. స్టీలు ఫ్రేముల కాలంలో, గేరు మార్చే చిన్న మీట ఫ్రేము వాలు గొట్టానికి బిగించి ఉన్న రోజుల్లో, వెనక ఐదు పళ్ళచక్రాలున్నా ఏడున్నా ఆ మీటకు పట్టింపు ఉండేది కాదు. చైను రొద మాని ఎక్కడ కుదురుకుంటుందో నడిపేవాడు చెవితో విని సర్దుకునేవాడు. ఆ రోజుల్లో ఒక పార్టు తీసి ఇంకో కంపెనీ పార్టు వేసుకోవడం చొక్కాకు గుండీ మార్చుకున్నంత సులువు. 1984లో షిమానో వారు తమ పై మెట్టు గ్రూప్‌సెట్ అయిన డ్యూరా ఏస్‌లో మీట ఒక్కో టక్కుకు ఒక్కో గేరు పడే పద్ధతి తెచ్చారు, 1990 నాటికి గేరు మీటను బ్రేకు మీటలోనే కలిపేశారు. అప్పటినుంచి షిఫ్టరనే ఆ మీట, చైనును గేరు నుంచి గేరుకు జరిపే డిరెయిలర్, వెనక పళ్ళచక్రాల గుత్తి అయిన క్యాసెట్ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండలేని ఉమ్మడి కుటుంబమయ్యాయి. అదే డ్యూరా ఏస్‌కు 2012లో 11 గేర్లు, 2021లో 12 గేర్లు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ పాతవాటితో పొత్తు కుదరదని తేల్చి చెప్పాయి. ఇంత జరిగినా తమరు మాత్రం వాలు గొట్టం మీట నాటి మాటనే వల్లిస్తున్నారు.

తమరి మాట నమ్మి, ఏడాది తిరగగానే ‘తర్వాత’ వచ్చేసిందనుకొని, ఎవరో అమ్మజూపిన పాత 105 షిఫ్టర్లు చవగ్గా వస్తున్నాయని కొన్నాను. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నవాడి కథ చిన్నప్పుడు విని నవ్వాను; గుర్రాన్ని ముందే ఇంట్లో కట్టేసుకున్నాను కనుక ఆ కథ నాకు వర్తించదనుకున్నాను. మెకానిక్ వాటిని చేతిలోకి తీసుకొని చూసి, నా వెనక చక్రం వంక చూసి, మళ్ళీ నా వంక చూశాడు. 11 గేర్ల షిఫ్టరుకు 11 గేర్ల డిరెయిలర్ కావాలి, దానికి 11 గేర్ల క్యాసెట్, దానికి తగ్గ సన్నటి చైను కావాలి. అన్నీ కొన్నా ఆ క్యాసెట్ నా వెనక చక్రం నడిమధ్యనుండే పాత హబ్ మీద కూర్చోదు, ఎందుకంటే అక్కడ దానికి 1.85 మిల్లీమీటర్ల చోటు తక్కువైంది. కాబట్టి చక్రం కూడా కావాలి. చారాణా కోడికి బారాణా మసాలా అనే సామెత అందరి నోటా వినబడే ఊళ్ళోనే నేను ఆ లెక్క కాగితం మీద వేయించుకున్నాను. మొత్తం నా సైకిలు ధరలో సగం దాటింది. సైకిళ్ళ కంపెనీలు గ్రూప్‌సెట్లను వేలకొద్దీ టోకున కొంటాయని, నేను ఒక్కొక్కటే చిల్లర ధరకు కొనాలని తమరు ఆనాడు చెప్పి ఉంటే, అదే దుకాణంలో అదే డబ్బుకు పక్కనే నిలబడ్డ అల్యూమినియం సైకిలు ఎంత బేరమో నాకు అర్థమయ్యేది.

వికారాబాద్ దాటి అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే తమరు నాకు మరీ బాగా గుర్తొచ్చారు. ముందు చిన్న పళ్ళచక్రానికి 34 పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్దదానికి 28 పళ్ళు. ఇంకో గేరు ఉందేమోనన్న ఆశతో మీటను వేలితో పదేపదే లోపలికి నెట్టాను. అది ‘లేదు’ అన్నట్టు మెత్తగా ఆగిపోయేది. చెమట బొట్టు ముక్కు చివరనుంచి తమరి మన్నన పొందిన ఆ కార్బన్ గొట్టం మీద పడి, మెరుపు రంగు మీద ముత్యంలా జారింది. చూడముచ్చటైన దృశ్యమే. అంతలో అల్యూమినియం సైకిలు కొన్న నా సహోద్యోగి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నన్ను దాటి వెళ్ళాడు. పైకి చేరాక తెలిసిందేమిటంటే, అతణ్ణి ఎక్కించింది 105 అనే పేరు కాదు, అతని వెనక ఉన్న 32 పళ్ళు. వెనక పళ్ళు ఎక్కువైన కొద్దీ ఎక్కుడు తేలిక. వారం తర్వాత నేనూ 8 గేర్లదే, 32 పళ్ళున్న క్యాసెట్ ఒకటి, దానితోపాటు కొత్త చైను వేయించాను. అయిన ఖర్చు ఒక మంచి టైరు ధరకు అటూ ఇటూగా ఉంది. క్లారిస్ దాన్ని కిక్కురుమనకుండా స్వీకరించింది.

ఇంకా చెప్పాలంటే, ఫ్రేమును నేను అడగవలసిన ప్రశ్న ‘కార్బనా, అల్యూమినియమా’ అన్నది కానే కాదు. నా నడుముకీ చేతులకీ సరిపోయే సైజేనా, ఎంత వెడల్పు టైరును నీలో దూరనిస్తావు అని అడగాలి. మన రోడ్ల మీద 32 మిల్లీమీటర్ల టైరు ఇచ్చే సుఖాన్ని ఏ కార్బనూ ఇవ్వలేదు. నా ఫ్రేమో, 28 దాటితే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కింద రాసుకుంటుంది. పార్టులన్నీ మార్చవచ్చన్న తమరు, మార్చలేని ఈ ఒక్క సంగతినీ ప్రస్తావించకుండా దాటేశారు. ఈ విషయంలో సహోద్యోగి ఫ్రేము కూడా నా ఫ్రేము లాంటిదేనని, చేవెళ్ళ దారి గుంతల్లో మేమిద్దరం సమానంగానే మూలుగుతామని తెలిసి కొంత ఊరట చెందాను.

ఈ దసరాకు మా మేనల్లుడు సైకిలు కొనబోతున్నాడు. వాడి వెంట నేను వెళ్తున్నాను. తమరు దయచేసి ఆ పూట వేరే దుకాణంలో ఉండవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ మాట నమ్మి కొన్నవాడు

తా.క.: ఆ 105 షిఫ్టర్లు మూడేళ్ళుగా మా అటక మీదే ఉన్నాయి. అమ్మేద్దామని నిన్న దింపాను. తుడిచి, మళ్ళీ పైకెక్కించాను. తమరి తమ్ముడు ‘ఎప్పటికైనా పనికొస్తాయిలే’ గారు మా ఇంట్లోనే కాపురముంటున్నారని తమరికి తెలియజేయడం మరిచాను.