బస్సులో మాట్లాడుకోనివ్వండి

గోల్కొండ కోట ద్వారం దగ్గర గైడు చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కొండపైన బాలాహిస్సార్ దాకా వినిపిస్తుందని చెబుతాడు. ఎక్స్‌కర్షన్‌కి వచ్చిన పిల్లలంతా పోటీపడి చప్పట్లు కొడతారు. అదే ద్వారం కింద బధిర పాఠశాల పిల్లలు నిలబడితే వాళ్లకేం చెప్పాలి? చాలా చెప్పొచ్చు. శత్రువు వస్తే కింది కాపలావాళ్లు పైకి కబురెలా పంపేవారో, సంజ్ఞా భాష వచ్చిన టీచరు చేతులతో, ముఖంతో కథగా చూపిస్తే ఆ పిల్లలు రెప్ప వేయరు. ఆ తర్వాత మెట్ల మీద కింద ఒకరు, బాగా పైన ఒకరు నిలబడి, గొంతు చించుకునే పని లేకుండా హాయిగా కబుర్లాడుకుంటారు. దూరం నుంచి మాట్లాడుకోవడానికి వాళ్ల భాషే మెరుగు. ఆ సంగతి కోటలో వాళ్లంతట వాళ్లే కనిపెడతారు.

బధిర పిల్లల బడుల్లో విహారయాత్రను పాఠంగానే లెక్కేయాలని మేము కోరుతున్నది ఇందుకే. వినగలిగే పిల్లలు సగం లోకాన్ని ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటారు. కండక్టరు అరిచే ఊళ్ల పేర్లు, కుళాయి దగ్గర తగువు, అమ్మమ్మ ఫోన్లో చెప్పుకునే కష్టం, అన్నం తింటుంటే టీవీలో వచ్చే వార్త, అన్నీ చెవిన పడుతూనే ఉంటాయి. బధిర పిల్లల్లో పదికి తొమ్మిదిమందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకే పుడతారు. ఆ ఇళ్లలో చాలాచోట్ల అన్నం, నీళ్లు, రా, పో లాంటి నాలుగు సైగలు దాటి భాష ఉండదు. నాన్న ఎందుకు దిగులుగా ఉన్నాడో, బస్సు దారిలో ఎందుకు ఆగిపోయిందో ఆ బిడ్డకు చెప్పేవాళ్లుండరు. హాస్టలుకు తిరిగొచ్చాకే మనసు విప్పి మాట్లాడుకునే నేస్తాలు దొరుకుతారు. అలాంటి పిల్లల్ని పోస్టాఫీసుకో, చేపల మార్కెట్టుకో తీసుకెళ్లినా చాలు, ఒకరినొకరు అడగడానికి వంద ప్రశ్నలుంటాయి.

పిల్లల మధ్య భాష ఎలా పెరుగుతుందో మధ్య అమెరికా దేశం నికరాగ్వాలో లోకం కళ్లారా చూసింది. 1970ల చివర్లో అక్కడి రాజధాని మనాగ్వాలో బధిర పిల్లల్ని ఎక్కువమందిని ఒక్క బడిలో చేర్చారు. పెదవుల కదలిక చూసి స్పానిష్ అర్థం చేసుకోవడం నేర్పాలని టీచర్లు తంటాలు పడ్డారు. పిల్లలు మాత్రం ఇళ్ల నుంచి తెచ్చుకున్న సైగల్ని ఆటస్థలంలో, స్కూలు బస్సులో కలబోసుకున్నారు. తర్వాత చేరిన చిన్నపిల్లలు వాటిని ఇంకా సానబెట్టారు. 1986లో భాషాశాస్త్రవేత్త జూడీ కెగల్ వెళ్లేసరికి పెద్దలెవరూ నేర్పని కొత్త భాష అక్కడ పుట్టుకొస్తోంది. బస్సు ప్రయాణం వృథా కాలం అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న ప్రతి విద్యాసంస్థా ఆటల్లో, వినోదంలో ఈ పిల్లలకు అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలి. బధిరులకు తగిన భాషలో చదువు చెప్పాలని కూడా అందులోనే ఉంది. యాత్ర అనగానే వార్డెన్లకు టెన్షన్. హారన్ వినపడని పిల్లల్ని రోడ్డు దాటించడం ఎంత భయమో మాకు అర్థమవుతుంది. ఆ భయం తీరాలంటే తోడు వెళ్లే పెద్దవాళ్లను పెంచాలి. పదిమందికి ఒకరైనా ఉండాలి. వాళ్లలో బధిరులైన పెద్దవాళ్లుంటే మరీ మంచిది. రోడ్డు మీద కళ్లనే నమ్ముకుని ఎలా మసలాలో వాళ్లే బాగా నేర్పగలరు.

వార్షికోత్సవాల గురించీ ఒక మాట. సినిమా పాటకు ఈ పిల్లలతో డాన్సు చేయించి, స్టేజీ కింద నుంచి టీచరు సైగలతో తాళం అందించడంలో ఇద్దరి శ్రమా గొప్పదే. నేల అదురును పాదాలతో పట్టుకుని ఆడటం పిల్లలకు సరదా కూడా. కానీ సాయంత్రమంతా వినేవాళ్ల మెప్పు కోసమే సాగితే మా మనసు ఒప్పడం లేదు. వాళ్ల భాషలో నాటకం వేయనివ్వండి, హాస్టల్ కథలు చెప్పుకోనివ్వండి. అతిథుల కోసం ఒకరు మైకులో తెలుగు చెబితే సరిపోతుంది. చప్పట్లకు బదులు రెండు చేతులూ పైకెత్తి ఆడించడం ఆ అతిథులే నేర్చుకోవాలి. సెప్టెంబరు 23, అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినోత్సవం, బడి పండగ కావాలి. పక్క ఊరి బడితో వాలీబాల్ పోటీ పెట్టండి, రిఫరీ విజిల్‌తో పాటు జెండా ఊపితే ఆట సాగుతుంది. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్ డెఫ్లింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. అతని ఫొటో ప్రతి బధిర పాఠశాల గోడ మీదా ఉండాలి.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ బడులకు ఏడాదికి కనీసం రెండు యాత్రల ఖర్చు బడ్జెట్‌లోనే చూపాలి. దాతల కోసం ఎదురుచూసే పరిస్థితి ఉండకూడదు. మ్యూజియాల్లో, కోటల్లో సంజ్ఞా భాష వీడియోలు, తేలిక తెలుగులో రాసిన బోర్డులు పెట్టాలి. సాలార్‌జంగ్ మ్యూజియం గడియారంలో బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే వేళకు ఈ పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టాలి. జూన్‌లో బడులు తెరిచేలోగా యాత్ర తేదీ, బస్సు ఖర్చు, తోడు వెళ్లేవాళ్ల పేర్లు క్యాలెండర్‌లోకి ఎక్కాలి.